ఐసీటీ పాజిటివ్: సూది వల్ల వచ్చిందా, ఒంట్లో పుట్టిందా?

తల్లిది నెగెటివ్ గ్రూపు, కడుపులో బిడ్డది పాజిటివ్ అయితే, బిడ్డ రక్తం తల్లికి కలిసినప్పుడు ఆ ఎర్రకణాలను పగలగొట్టే యాంటీబాడీలు తల్లి ఒంట్లో పుట్టొచ్చు. అవి పుట్టకుండా ఆపడానికి వేసేదే యాంటీ-డి ఇంజక్షన్, అవి రక్తంలో ఉన్నాయా అని చూసేదే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్, అంటే ఐసీటీ. నెగెటివ్ గ్రూపు గర్భిణి రిపోర్టులో ఐసీటీ పాజిటివ్ అని కనపడగానే "యాంటీ-డి ఇంజక్షన్ వేశాం కదా, దానివల్లే" అనేసి పేజీ తిప్పేయడం మన దగ్గర మామూలైపోయింది. చాలాసార్లు ఆ మాట నిజమే. నిజం కాని ఆ కొద్దిసార్లూ కడుపులో బిడ్డ ఎర్రకణాలు రోజురోజుకీ పగిలిపోతుంటాయి, తల్లికి మాత్రం ఒంట్లో ఏ తేడా తెలియదు. ఇది అలాంటి కేసు. మనిషినీ ఊరినీ ఆస్పత్రులనూ గుర్తుపట్టే వివరాలు తీసేశాం, వైద్యానికి పనికొచ్చే అంకెలు ఉంచాం.

నేపథ్యం

ముప్పై ఏళ్లలోపు గృహిణి, మూడో గర్భం. ఆమె గ్రూపు ఓ నెగెటివ్, భర్తది బి పాజిటివ్. మొదటి కాన్పు నెలలు నిండాక మామూలుగానే జరిగింది. పుట్టిన పాప గ్రూపు పాజిటివ్. 72 గంటల లోపే 300 మైక్రోగ్రాముల యాంటీ-డి వేసినట్టు డిశ్చార్జి కార్డులో స్పష్టంగా ఉంది.

రెండో గర్భం 16వ వారంలో పోయింది. రక్తస్రావం అవుతుంటే దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్లారు, గర్భసంచి శుభ్రం చేసి మర్నాడు ఇంటికి పంపేశారు. ఆ కాగితంలో బ్లడ్ గ్రూపు అని రాసి ఉన్న చోట ఏమీ లేదు. యాంటీ-డి ఊసే లేదు. ఇంట్లోవాళ్లకు అడగాలని తెలియదు, అక్కడివాళ్లు చెప్పలేదు.

తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టడానికి బిడ్డ రక్తం ఒక మి.లీ.లో పదోవంతు లోపలికి వచ్చినా చాలు. మొదట్లోనే పోయే గర్భాల విషయంలో యాంటీ-డి అవసరమా అన్న చర్చ ఇప్పుడు నడుస్తోంది. 12 వారాల లోపు చేసే అబార్షన్లకు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది, మన దేశంలో చాలామంది డాక్టర్లు ఇంకా వేస్తూనే ఉన్నారు. 16వ వారానికి మాత్రం ఆ చర్చ వర్తించదు. అప్పుడు పోయిన గర్భానికి, గర్భసంచి శుభ్రం చేసిన ఆడమనిషికి, నెగెటివ్ గ్రూపైతే ఇంజక్షన్ పడాల్సిందే.

మూడో గర్భంలో 13వ వారంలో కొద్దిగా రక్తం కనపడింది. ఈసారి చూసిన డాక్టరు గ్రూపు గమనించి 300 మైక్రోగ్రాముల యాంటీ-డి వేశారు. వేయడం సబబే. వేసేముందు రక్తం తీసి ఐసీటీ చేయించి ఉంటే ఈ కేసు వేరేగా నడిచేది. 18వ వారంలో చేసిన ఐసీటీ పాజిటివ్ వచ్చింది, టైటర్, అంటే యాంటీబాడీ ఎంత ఉందో చెప్పే కొలత, 1:8. పక్కన "యాంటీ-డి ప్రభావం" అని రాశారు. 22వ వారంలో ఇంకో ల్యాబులో 1:16. అప్పుడూ అదే వ్యాఖ్య, పైగా ముందుజాగ్రత్తగా ఇంకో డోసు యాంటీ-డి. 28వ వారంలో మళ్లీ రమ్మన్నారు.

ఆమె మా దగ్గరకు వచ్చింది 25 వారాల 2 రోజులకు. ఊళ్లో చేసిన మామూలు స్కానులో "బిడ్డ పొట్టలో కొంచెం నీరు" అని రాయడమే కారణం. ఆ స్కాన్ చేసిన రేడియాలజిస్టు ఆ ఒక్క లైను రాయకపోయి ఉంటే 28వ వారం దాకా ఆగేవాళ్లు. బిడ్డ అప్పటిదాకా ఉండేది కాదు.

టైటర్ అంకెలను ఎలా చదవాలి

ముందు పాత రిపోర్టులను తేదీల వారీగా పేర్చాం. ఇంజక్షన్‌గా ఇచ్చిన యాంటీ-డి కూడా యాంటీబాడీయే కాబట్టి ఐసీటీ పాజిటివ్ రావడంలో వింత లేదు. కానీ 300 మైక్రోగ్రాముల డోసు తర్వాత వచ్చే టైటర్ మామూలుగా 1:4 దాటదు. దాని అర్ధాయుష్షు సుమారు 3 వారాలు. అంటే ఇచ్చిన యాంటీబాడీ రోజులు గడిచేకొద్దీ తరగాలి. 13వ వారంలో వేసిన ఇంజక్షన్‌కి 18వ వారంలో 1:8 ఉండటమే ఎక్కువ. 22వ వారానికి దాదాపు కనపడకుండా పోవాలి.

ఇక్కడ తొందరపడి "1:8 నుంచి 1:16కి పెరిగింది" అనేస్తే అదీ తప్పే. టైటర్‌లో ఒక మెట్టు తేడా, అంటే రెట్టింపో సగమో, పరీక్షలోనే వస్తుంది. పైగా మొదటి ల్యాబు ట్యూబు పద్ధతిలో చేసింది, రెండోది జెల్ కార్డుతో చేసింది. జెల్ కార్డులో అదే రక్తానికి ఒకటి రెండు మెట్లు ఎక్కువ చూపించడం మామూలే. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగిందని చెప్పలేం. కానీ తగ్గాల్సినంత తగ్గలేదని కచ్చితంగా చెప్పగలం, మనకు కావలసింది కూడా అదే. తగ్గాల్సిన కాలంలో తగ్గలేదంటే ఆ యాంటీబాడీ బయట నుంచి వచ్చింది కాదు, ఒంట్లో తయారవుతున్నది.

మేము చేసిన పరీక్షలో ట్యూబు పద్ధతిలోనే 1:128 వచ్చింది. యాంటీబాడీ ప్యానెల్‌లో యాంటీ-డి ఒక్కటే తేలింది, మిగతావి లేవు. ఆ నమూనాలో కొంత సీరం ఫ్రీజ్ చేసి దాచమని బ్లడ్ బ్యాంకుకు చెప్పాం. టైటర్ మీద ఆధారపడే కేసుల్లో కొత్త నమూనాతో పాటు పాతదాన్ని కూడా అదే రోజు, అదే చేతితో మళ్లీ చేస్తేనే పెరుగుదల నిజమో కాదో తెలుస్తుంది. పాత ల్యాబుల్లో ఏదీ దాచలేదు.

ఇంత టైటర్ ఉన్నాక యాంటీ-డి ఇంకెన్నిసార్లు వేసినా ఉపయోగం లేదు. తల్లి ఒళ్లు యాంటీబాడీ తయారీ నేర్చుకోకముందు ఆపడానికే ఆ ఇంజక్షన్. నేర్చుకున్న తర్వాత దాన్ని చెరిపే శక్తి దానికి లేదు. 22వ వారంలో వేసిన రెండో డోసు అందుకే వృథా.

బిడ్డకు రక్తం తగ్గిందని ఎలా తెలుసుకున్నాం

టైటర్ తల్లి సంగతి చెబుతుంది, బిడ్డ సంగతి చెప్పదు. 1:16 లేదా 1:32 దాటితే, ఆ గీత ఒక్కో ల్యాబుకి ఒక్కోలా ఉంటుంది, బిడ్డను నేరుగా చూడాలి. 1961లో న్యూజిలాండ్‌లో విలియం లైలీ ఉమ్మనీరు సూదితో తీసి అందులో బిలిరుబిన్, అంటే ఎర్రకణాలు పగిలితే వచ్చే పసుపు పదార్థం, కొలిచే పద్ధతి పెట్టారు. దశాబ్దాల పాటు అదే ఆధారం. 2000లో జియాన్‌కార్లో మారి బృందం బిడ్డ మెదడులోని మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీలో రక్తవేగాన్ని డాప్లర్‌తో కొలిచి రక్తహీనతను పట్టుకోవచ్చని చూపించింది. ఎర్రకణాలు తగ్గితే రక్తం పల్చబడుతుంది, గుండె ఎక్కువగా పంపుతుంది, మెదడుకు పోయే ప్రవాహం వేగమవుతుంది. 111 మంది బిడ్డలతో చేసిన ఆ అధ్యయనంలో, ఆ వయసుకి ఉండాల్సిన మధ్యస్థ వేగానికి ఒకటిన్నర రెట్లు దాటినప్పుడు, ఓ మాదిరి రక్తహీనతా తీవ్రమైనదీ ఒక్కటీ తప్పిపోలేదు. లేని రక్తహీనతను ఉన్నట్టు చూపింది 12 శాతంలో. 2006లో వచ్చిన పోలిక అధ్యయనంలో ఉమ్మనీటి పరీక్ష కంటే డాప్లరే మెరుగని తేలింది. అందుకే ఇప్పుడు దీనికోసం ఉమ్మనీరు తీయడం దాదాపు పోయింది.

కొలిచే తీరు సరిగా లేకపోతే ఈ అంకె మోసం చేస్తుంది. బిడ్డ కదలకుండా, ఊపిరి కదలికలు లేకుండా ఉన్నప్పుడే చూడాలి. తల అడ్డకోతలో పుర్రె అడుగున ఉన్న రక్తనాళాల వలయం కనపడాలి, మనకు దగ్గరగా ఉన్న ఆర్టరీని అది పుట్టిన చోటికి దగ్గర్లోనే పట్టుకోవాలి. డాప్లర్ గీతకూ నాళానికీ మధ్య కోణం సున్నా ఉండాలి. కోణం సరిచేసే బటన్ వాడి నెట్టుకురావడం వద్దు, ప్రోబునే తిప్పి సరిచేసుకోవాలి. ప్రోబుతో తల మీద నొక్కితే వేగం మారిపోతుంది. 25 వారాలకు మధ్యస్థం సెకనుకు సుమారు 32 సెం.మీ., ఒకటిన్నర రెట్ల గీత 48 దగ్గర. ఈ బిడ్డకు మళ్లీ మళ్లీ కొలిచినా 57 వచ్చింది, అంటే మధ్యస్థానికి 1.78 రెట్లు.

దాంతోపాటు పేగుల చుట్టూ, కాలేయం అంచున సన్నటి నీటిపొర ఉంది. గుండె కాస్త పెద్దది. మాయ మందంగా, గర్భసంచి వెనక గోడకు ఉంది. చర్మం కింద వాపు లేదు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు లేదు. ఇది హైడ్రాప్స్, అంటే బిడ్డ ఒంటికి నీరు పట్టే స్థితి, మొదలవుతున్న దశ. నీరు లేకుండా వేగం ఒక్కటే పెరిగి ఉంటే, ఆ 12 శాతం లెక్క గుర్తుపెట్టుకుని మర్నాడు ఇంకోసారి కొలిచి నిర్ణయించేవాళ్లం. నీరు చేరాక ఆ వెసులుబాటు లేదు. ఒకటి రెండు రోజుల్లో బిడ్డకు రక్తం ఎక్కించాలని నిర్ణయించాం.

పక్కన పెట్టిన దారులు

తల్లికి వారంవారం ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, సిరలోకి ఇచ్చే పద్ధతి ఉంది. 13 వారాల లోపు మొదలుపెడితే బిడ్డకు రక్తహీనత వచ్చే సమయాన్ని కొంత వెనక్కి నెట్టగలదు. 25వ వారంలో, నీరు చేరిన బిడ్డకు, లక్షల ఖర్చుతో అది చేయగలిగింది ఏమీ లేదు. తల్లి ప్లాస్మా మార్చడమూ అంతే, యాంటీబాడీ కొద్దిరోజుల్లోనే మళ్లీ పెరుగుతుంది. కాన్పు చేసేసి బయట వైద్యం చేద్దామా అంటే 800 గ్రాములు కూడా లేని, నీరు పట్టిన, రక్తం లేని బిడ్డ. బతికే అవకాశం కడుపులోనే ఎక్కువ.

భర్త జన్యువుల్లో రెండు డి కాపీలున్నాయా ఒకటేనా అన్న ప్రశ్న కూడా ఇక్కడ అక్కర్లేకపోయింది. బిడ్డ పాజిటివ్ అని డాప్లర్, నీరు కలిసి చెప్పేశాయి.

కుటుంబంతో మాట్లాడినప్పుడు అత్తగారు అడిగిన ప్రశ్న చాలా కుటుంబాల్లో వినిపించేదే: "డాక్టరమ్మా, మా పెద్దదానికి ఏమీ కాలేదు కదా, దీనికెందుకొచ్చింది?" మొదటి పాప రక్తం కాన్పులోనే తల్లికి కలిసి ఉండొచ్చు, దానికి సూది పడింది. మధ్యలో పోయిన గర్భానికి పడలేదు. అప్పుడు పుట్టిన యాంటీబాడీలు ఇప్పుడు మాయ దాటి వస్తున్నాయి. కోడలి ఒంట్లో లోపం ఏమీ లేదని, ఎవరి జాతకానికీ సంబంధం లేదని విడమరిచి చెప్పాం. ఆ మాట చెప్పకపోతే ఇంట్లో నింద ఆమె మీదే పడుతుంది.

ముందే తేల్చుకోవాల్సిన విషయం ఇంకొకటి. రక్తం ఎక్కించేటప్పుడు బిడ్డ గుండె ఆగిపోతే వెంటనే ఆపరేషన్ చేయాలా? 25 వారాలకు, ఈ స్థితిలో, ఆపరేషన్ చేసినా బిడ్డ దక్కే అవకాశం చాలా తక్కువ, తల్లి గర్భసంచికి మాత్రం నిలువు కోత పడొచ్చు. మొదటి రెండుసార్లకు వద్దని, 28 వారాలు దాటాక చేయాలని కుటుంబం, మేము కలిసి నిర్ణయించుకున్నాం. ఆపరేషన్ చేయమని అనుకున్నాం కాబట్టి మొదటిసారి ముందు బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ కూడా ఇవ్వలేదు, మూడోసారికి ముందు ఇచ్చాం.

రక్తం సిద్ధం చేయడం

ఓ నెగెటివ్, కెల్ (ఇంకో రకం రక్తగ్రూపు) నెగెటివ్, 5 రోజుల లోపు తీసిన రక్తం. తెల్లకణాలు వడగట్టాలి. 25 గ్రే రేడియేషన్ ఇచ్చి 24 గంటల లోపు వాడాలి, లేకపోతే దాత లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) బిడ్డ ఒంట్లో స్థిరపడి బిడ్డనే దెబ్బతీస్తాయి. మామూలు ప్యాక్డ్ సెల్స్ ఇక్కడ పనికిరావు. తిప్పి, పైన తేలిన ద్రవం తీసేసి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 75 నుంచి 85 మధ్యకు తేవాలి, తక్కువ పరిమాణంలో ఎక్కువ కణాలు వెళ్లడానికి. క్రాస్‌మ్యాచ్ తల్లి రక్తంతో చేయాలి, ప్రతిసారీ తాజా నమూనాతో, ఎందుకంటే ఒక్కో సూదితో తల్లిలో కొత్త యాంటీబాడీలు పుట్టే వీలుంది.

మన దగ్గర నెగెటివ్ గ్రూపు వాళ్లు నూటికి అయిదుగురు దాకా ఉంటారు, వాళ్లలో ఓ గ్రూపు వాళ్లు ఇంకా తక్కువ. రేడియేషన్ యంత్రం అన్ని బ్లడ్ బ్యాంకుల్లో లేదు. దాతను వెతకడం, యూనిట్‌ను యంత్రం ఉన్నచోటికి పంపి తేవడం కలిపితే ఒక రోజు పూర్తిగా పోతుంది. అందుకే స్కాన్ చేసిన గంటలోనే బ్లడ్ బ్యాంకుకు ఫోన్ వెళ్లాలి, టైటర్ రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు.

మొదటిసారి: కుదరనిది, కుదిరింది

సూది పెట్టడానికి అన్నిటికంటే మంచిచోటు బొడ్డుతాడు మాయలో కలిసే మొదలు. అక్కడ సిర కదలదు. మాయ ముందు గోడకు ఉంటే అది సులువు. ఇక్కడ మాయ వెనక ఉంది, బిడ్డ వీపు మనవైపు తిప్పి సరిగ్గా ఆ మొదలు మీదే పడుకుంది. తల్లిని పక్కకు తిప్పి, నడిపించి, మళ్లీ చూసినా దారి దొరకలేదు. నీళ్లలో తేలే తాడు మెలిక కనపడుతోంది గానీ దాన్ని గుచ్చడానికి ఒప్పుకోలేదు. అది సూది నుంచి జారిపోతుంది, చిరిగితే రక్తం ఉమ్మనీటిలోకి పోతుంది, పక్కనే ఉన్న ధమనికి తగిలితే అది బిగుసుకుని గుండె వేగం పడిపోతుంది.

మిగిలినవి రెండు: బిడ్డ కాలేయం లోపల నడిచే సిర, లేదా పొట్ట ఖాళీలోకి ఎక్కించడం. లైలీ 1963లో మొదటిసారి చేసింది పొట్టలోకే. కానీ నీరు చేరిన పొట్ట రక్తాన్ని సరిగా పీల్చుకోదు. కాలేయంలోని సిరనే ఎంచుకున్నాం. అక్కడ పక్కన ధమని లేదు, సూది తీశాక కారిన రక్తం పొట్టలోకే పోయి ఎంతో కొంత తిరిగి ఒంట్లో కలుస్తుంది. వెనక మాయ వల్ల ఒక మేలు కూడా జరిగింది: సూది మాయను గుచ్చుకుంటూ పోలేదు, కాబట్టి బిడ్డ రక్తం తల్లిలోకి చిందలేదు, టైటర్ ఇంకా పెరిగే ప్రమాదం తగ్గింది.

20 గేజ్ సూది తల్లి పొట్ట చర్మానికి మత్తుమందు ఇచ్చి దించాం. మొదటి ప్రయత్నం తప్పింది. సూది మొన కాలేయం అంచు తాకగానే బిడ్డ వెన్ను విరుచుకుంది, మొన పక్కకు జారింది. వెంటనే సూది తీసేసి, బిడ్డ తొడ కండలోకి వెక్యురోనియం ఇచ్చి కదలికలు ఆగేదాకా ఆగాం. తాడు మొదలు దగ్గరైతే సిరలోకి వెళ్లాకే ఈ మందు ఇస్తే సరిపోతుంది. బిడ్డ ఒంటిలోకే గుచ్చాల్సి వచ్చినప్పుడు కదలిక ముందే ఆపడం మేలు.

రెండోసారి సిర గోడ లోపలికి వంగి, ఒక్కసారి తెగినట్టు అయి, మొన లోపలికి వెళ్లడం తెరమీద కనపడింది. ఒక మి.లీ. రక్తం లాగాం. అది బిడ్డదేనా తల్లిదా అన్నది ఊహతో తేల్చకూడదు. పక్కనే పెట్టుకున్న రక్తకణాల కౌంటరులో ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు పరిమాణం, 122 చూపింది, తల్లిది 84. బిడ్డ కణాలు పెద్దవి కాబట్టి ఇది బిడ్డదే. హెమటోక్రిట్ 13, హీమోగ్లోబిన్ 4.3. ఆ వయసుకి 12 దాకా ఉండాలి.

ఎంత ఎక్కించాలి? బిడ్డ అంచనా బరువు గ్రాముల్లో తీసుకుని 0.14తో గుణించి 1.046 కలిపితే బిడ్డా మాయా కలిపి రక్త పరిమాణం వస్తుంది. 780 గ్రాములకు అది 110 మి.లీ. కావలసిన హెమటోక్రిట్‌లోంచి ఉన్నది తీసేసి, దాత రక్తం హెమటోక్రిట్‌తో భాగించి, ఆ రక్త పరిమాణంతో గుణించాలి. పూర్తిగా 45కి తీసుకెళ్లాలన్న ఆశ సహజం. కానీ నెలల తరబడి పల్చటి రక్తానికి అలవాటుపడి, నీరు పట్టేదాకా అలసిన గుండె మీద ఒక్కసారిగా చిక్కటి రక్తం మోపితే అదే ఆగిపోతుంది. అందుకే 32 చాలనుకున్నాం. దాత రక్తం 78. లెక్క 27 మి.లీ. అని తేలింది.

నిమిషానికి 2, 3 మి.లీ. చొప్పున ఎక్కించాం. సిరలో తెల్లటి రవ్వలు ఒకే దిశగా పరిగెత్తడం తెరమీద కనపడుతున్నంతసేపూ సూది సరైన చోటే ఉన్నట్టు. 18 మి.లీ. దగ్గర గుండె వేగం 140 నుంచి 105కి దిగింది. ఆపాం. సూది జారిందా, నాళం బిగుసుకుందా, పరిమాణం ఎక్కువైందా? రవ్వల ప్రవాహం చూస్తే సూది కదల్లేదు. రెండు నిమిషాల్లో వేగం దానంతటదే తిరిగొచ్చింది, కాబట్టి పరిమాణం భారమే అనుకుని మిగతాది ఇంకా మెల్లగా ఎక్కించాం. ముగింపు హెమటోక్రిట్ 31.

తర్వాతి నాలుగు

రెండోది వారానికే చేశాం, సగం నింపి వదిలాం కాబట్టి. 22 ఉన్నదాన్ని 37 మి.లీ.తో 45కి తెచ్చాం. పొట్టలో నీరు అప్పటికే సగానికి తగ్గింది, మూడోసారికి మాయమైంది.

మూడోసారి ముందు ఒక సందేహం వచ్చింది. 28 వారాల 2 రోజులకు డాప్లర్ వేగం 1.35 రెట్లే ఉంది. గీత దాటలేదు కదా, వారం ఆగుదామా? ఆగలేదు. ఎక్కించినవి పెద్దవాళ్ల ఎర్రకణాలు. అవి బిడ్డ కణాల కంటే చిన్నవి, ప్రవాహ స్వభావం వేరు. ఒకసారి రక్తం పడ్డాక ఒకటిన్నర గీతను మొదట్లోలాగా నమ్మలేం. తీవ్ర రక్తహీనతకు రెండోసారి గీత 1.69 దగ్గర ఉంటుందని సూచించిన పరిశోధన ఉంది, ఆ తర్వాత డాప్లర్ నమ్మకం ఇంకా తగ్గుతుంది. దానికంటే లెక్క నమ్మదగింది: హెమటోక్రిట్ రోజుకి సుమారు ఒకటి పడిపోతుంది. 45లోంచి 14 తీస్తే 31. సూది పెట్టి చూస్తే 29 ఉంది. ఇంకో వారం ఆగి ఉంటే బిడ్డ మళ్లీ 22 దగ్గరకు జారేది.

ఆ తర్వాత వ్యవధి మూడేసి వారాలకు పెంచగలిగాం. బిడ్డ సొంత పాజిటివ్ కణాలు పోయి, తల్లి యాంటీబాడీలు తాకలేని నెగెటివ్ కణాలే మిగిలేకొద్దీ పతనం నెమ్మదిస్తుంది. 31 వారాల 2 రోజులకు 46 మి.లీ., 34 వారాల 2 రోజులకు చివరిది, 55 మి.లీ. నాలుగోసారికి బిడ్డ తిరిగి పడుకోవడంతో తాడు మొదలే దొరికింది. దారి ప్రతిసారీ కొత్తగా వెతకాలి, పోయినసారి కుదిరిన చోటే పట్టుకుని కూర్చోకూడదు. 35 వారాల తర్వాత సూది కంటే కాన్పే తక్కువ ప్రమాదం కాబట్టి అక్కడితో ఆపాం.

పుట్టాక

37 వారాల 1 రోజుకి నొప్పులు తెప్పిస్తే మామూలు కాన్పే అయింది. బాబు 2.7 కిలోలు. తాడు రక్తంలో హీమోగ్లోబిన్ 10.8, బిలిరుబిన్ 3.8. పుట్టిన గంటలోనే లైటు కింద పెట్టారు, నాలుగు రోజుల్లో తీసేశారు. రక్తం మార్చాల్సిన అవసరం రాలేదు.

ల్యాబు నుంచి "బిడ్డ గ్రూపు ఓ నెగెటివ్" అని రిపోర్టు వచ్చింది. ఇది బిడ్డ గ్రూపు కాదు, దాతలది. ఒంట్లో తిరుగుతున్నవి దాదాపు అన్నీ వాళ్ల కణాలే. ఈ రిపోర్టును బిడ్డ కార్డులో ఎక్కించకూడదు, నెలల తర్వాత మళ్లీ చేయించి రాయాలి. అలా ఎక్కిస్తే జబ్బే లేదని తర్వాతి డాక్టరు అనుకునే ప్రమాదం ఉంది.

కడుపులో రక్తం ఎక్కించుకున్న బిడ్డలకు అసలు గండం ఇంటికి వెళ్లాక, మూడో వారం తర్వాత వస్తుంది. బయటి నుంచి కణాలు అందుతూ ఉండటంతో ఎముక మజ్జ పని మానేసి ఉంటుంది. దాత కణాల ఆయుష్షు తీరుతుంటుంది, కొత్తవి పుట్టవు. కామెర్లు తగ్గాయి కదా అని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. అందుకే వారంవారం హీమోగ్లోబిన్, రెటిక్యులోసైట్లు (మజ్జ కొత్తగా వదిలే ఎర్రకణాలు) చూడాలని ముందే చెప్పి పంపాం. నాలుగో వారంలో 7.2, రెటిక్యులోసైట్లు 0.4 శాతం, పాలు తాగుతూ అలిసిపోతున్నాడు. కిలోకి 15 మి.లీ. చొప్పున ఎక్కించాం, ఇదీ రేడియేషన్ ఇచ్చిన రక్తమే. ఏడో వారంలో మళ్లీ 8.0కి దిగింది, కానీ రెటిక్యులోసైట్లు 2.5 శాతానికి పెరిగాయి, పాలు బాగా తాగుతున్నాడు. మజ్జ మేలుకుందని అర్థం, అప్పుడు ఎక్కిస్తే దాన్ని మళ్లీ నిద్రపుచ్చినట్టే. ఆగాం. పన్నెండో వారంలో 10.2.

మధ్యలో ఊళ్లో ఎవరో "రక్తం తక్కువ" అని ఐరన్ చుక్కలు రాశారు. ఆపించాం. పగిలిన కణాల్లోని ఇనుము, ఎక్కించిన రక్తంలోని ఇనుము కలిసి ఈ బిడ్డల ఒంట్లో నిల్వలు నిండుగా ఉంటాయి. ఫెరిటిన్ (ఇనుము నిల్వల కొలత) చూడకుండా ఐరన్ వద్దు, ఫోలిక్ యాసిడ్ చాలు.

బాబు ఎదుగుదల ఎలా ఉంటుందని తండ్రి అడిగితే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో చేసిన దీర్ఘకాల అధ్యయనాన్ని చెప్పాం. కడుపులో రక్తం ఎక్కించుకున్న 291 మంది పిల్లలను పరీక్షిస్తే 4.8 శాతంలో నరాల అభివృద్ధి లోపాలు కనపడ్డాయి. తీవ్రమైన హైడ్రాప్స్ ఉన్నవాళ్లలో ముప్పు ఎక్కువ. నీరు సన్నగా ఉన్నప్పుడే మొదలుపెట్టాం కాబట్టి నమ్మకంగా ఉండొచ్చు. వినికిడి పరీక్ష చేయించాం, మైలురాళ్లు చూడటానికి పిలుస్తున్నాం.

మళ్లీ గర్భం వస్తే

ఇంకో బిడ్డ కావాలా వద్దా అన్నది ఆ దంపతుల ఇష్టం. కావాలనుకుంటే పద్ధతి మొత్తం మారుతుంది. ఒక బిడ్డ ఇంత దెబ్బతిన్నాక టైటర్ చూస్తూ కూర్చోవడం దండగ, అది తక్కువున్నా నమ్మడానికి లేదు. జబ్బు ప్రతి గర్భంలో ముందుకు జరుగుతుంది కాబట్టి 16, 18 వారాల నుంచే డాప్లర్ మొదలుపెట్టాలి. తల్లి రక్తంలో తేలే బిడ్డ డీఎన్‌ఏతో గ్రూపు చూసే పరీక్ష దొరికితే మొదట్లోనే చేయించాలి. బిడ్డ నెగెటివ్ అయితే ఈ బాధలేవీ ఉండవు. పాజిటివ్ అయితే ఐవీఐజీ గురించి 13 వారాల లోపే తేల్చుకోవాలి.

నిపోకాలిమాబ్ అనే మందు ఈ జబ్బుకు ఇప్పుడు పరిశోధనలో ఉంది. తల్లి యాంటీబాడీలను మాయ దాటించే గ్రాహకాన్ని అది అడ్డుకుంటుంది. 2024లో వెలువడిన అధ్యయనంలో, గతంలో బిడ్డలు తీవ్రంగా దెబ్బతిన్న 13 మంది తల్లుల్లో ఏడుగురు కడుపులో రక్తం ఎక్కించకుండానే 32 వారాలు దాటి సజీవ శిశువులను కన్నారు. సంఖ్య చిన్నది, ఈ జబ్బుకు ఆ మందు ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు. ఈ తల్లిలాంటి వాళ్లకు అది అందుబాటులోకి రావాలని గట్టిగా కోరుకుంటున్నాం.

డిశ్చార్జి కార్డు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఇవి రాసిచ్చాం: యాంటీ-డి యాంటీబాడీలు ఉన్నాయి, 1:128; యాంటీ-డి ఇంజక్షన్ ఇక అవసరం లేదు; నెల తప్పితే 10 వారాల లోపు ఫీటల్ మెడిసిన్ విభాగానికి రావాలి; అక్కచెల్లెళ్లందరి గ్రూపు చూడాలి, నెగెటివ్ ఉన్నవాళ్లకు గర్భం వచ్చిన మొదటి చూపులోనే, ఏ ఇంజక్షన్ వేయకముందే, ఐసీటీకి రక్తం తీయాలి.